అరువు తప్పులు

పోయినవారం మనం టైలర్‌ని ఐదో తరగతి గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. మెడలో టేపు, జేబులో గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క, మొహం నిండా చెమట. "మా అమ్మాయికి తప్పులు రాయడం నేర్పింది మీరేనా?" అన్న ప్రశ్న అప్పుడే అతని నోట్లోంచి ఊడిపడింది. బోర్డు మీద టీచర్ చెయ్యి ఆగిపోయింది. పాపం, ఆ మనిషి వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. అతన్ని లోపలికి పిలవాలి.

పిలిచే ముందు, ఈ వారమే ఈ పేజీ తెరిచిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. తెలిసినవాళ్లు ఈలోపు మంచినీళ్లు తాగి రావచ్చు.

ఈ బడిలో ఐదో తరగతే పెద్ద తరగతి. ఆ పైన చదవాలంటే పిల్లలు వేరే బడి వెతుక్కోవాలి. అందుకని ఈ గదిలోకి రాగానే ప్రతి పిల్లా, పిల్లాడూ ఒక్కసారిగా పెద్దరికం తెచ్చుకుంటారు. గంట కొట్టేదీ వాళ్లే, ఒకటో తరగతి వాళ్ల ముక్కులు తుడిచేదీ వాళ్లే. ఈ ఏడాదే కొత్తగా వచ్చిన టీచర్, వచ్చీ రాగానే గది వెనక గోడ మీదున్న పాత పటాలన్నీ తీయించి, దానికి తప్పుల గోడ అని పేరు పెట్టింది. ప్రతి శుక్రవారం పిల్లలు ఆ వారం చేసిన తప్పుల్లో తమకి నచ్చిన దాన్ని చీటీ మీద రాసి అక్కడ అంటించాలి. ఏం రాశారో, అలా ఎందుకు అనుకున్నారో, కాలు ఎక్కడ జారిందో అందరికీ చెప్పాలి. నవ్వినవాళ్లు వారమంతా బోర్డు తుడవాలి. నచ్చిన తప్పేమిటీ, మన మొహం, అని మిగతా టీచర్లు ముక్కున వేలేసుకున్నారు. పిల్లలకి మాత్రం ఆ గోడంటే ప్రాణం.

టైలర్ కూతురు ఈ తరగతిలోనే చదువుతోంది. సమానం గుర్తులోని రెండు బుల్లి గీతలు కూడా స్కేలు పెట్టి గీస్తుంది కాబట్టి తరగతి మొత్తం కలిసి దానికి స్కేలు అని పేరు పెట్టేసింది. ఆ పేరు దానికీ ఇష్టమే. ఏడాది పొడుగునా ఆ గోడ మీద చీటీ లేనిది దానికొక్కదానికే. రైల్లో ఒక పూట ప్రయాణం చేస్తే వచ్చే హాస్టల్ బడికి ఈ ఏడు పరీక్ష పెట్టారు. అందులో సీటొస్తే చదువు ముగిసేదాకా తల్లిదండ్రులు ఏ ఖర్చూ చూసుకోనక్కర్లేదు. స్కేలుకి రాకపోతే ఎవరికొస్తుంది అని బడి బడంతా నిశ్చింతగా కూర్చుంది. ఫలితాలొచ్చాయి. స్కేలుకి రాలేదు. భాషలో ఎవరికీ రానన్ని మార్కులు, లెక్కల్లో నిలువునా మునిగింది.

పరీక్షనాడు జబ్బు పడ్డవాళ్ల కోసం హాస్టల్ బడివాళ్లు రేపు ఉదయం ఇంకోసారి పరీక్ష పెడుతున్నారు. పెద్ద మేడం, అంటే ఈ బడి హెడ్ మేడం, వాళ్లకి ఫోన్ చేసి బతిమాలింది. కారణమేదో సాయంత్రం గంట కొట్టేలోపు చెబితే ఈ పిల్లనీ కూర్చోబెడతామన్నారు.

"జ్వరమొచ్చిందని చెప్పేద్దాం. మన సొమ్మేం పోయింది?" అంది పెద్ద మేడం.

"జ్వరం రాలేదు కదా మేడం" అంది టీచర్.

"మరేమొచ్చిందో కనుక్కుని చెప్పు తల్లీ. ఆ గోడ వల్లే వచ్చిందని తేలితే మాత్రం రేప్పొద్దున దానికి సున్నం వేయిస్తాను."

అదీ సంగతి. ఇక గుమ్మంలోకి వెళదాం.

*

"లోపలికి రండి" అంది టీచర్.

"కూర్చోడానికి రాలేదండీ నేను. జవాబు చెప్పండి. నా పనిలో ఒక్క తప్పు కత్తిరిస్తే గుడ్డ పోతుంది. కస్టమర్ పోతాడు. ఆ పాడైన ముక్కని తీసుకెళ్లి, చూడండహో అని నేను షాపు గోడకి తగిలించుకుంటానా?"

"తగిలిస్తే భలే ఉంటుంది కదే" అని ఒక గొంతు పక్కనున్న పిల్ల చెవిలో గుసగుసలాడింది. ఆ గుసగుస గది నాలుగు మూలలకీ వినబడింది. ఆ గొంతు గల పిల్లని కబుర్లపుట్ట అంటారు.

టీచర్ కబుర్లపుట్ట వైపు ఒక చూపు చూసి, టైలర్ వైపు తిరిగింది.

"ఫలితాలు తెలిసిన దగ్గర్నుంచి నేనూ అదే అడుగుతున్నానండీ, నన్ను నేను. తప్పులంటే భయం పోవాలనుకున్నాను. భయంతో పాటు ఇంకేమన్నా పోగొట్టానేమో నాకు తెలీదు. మీరు కాసేపు కూర్చుంటే మీ ముందే తెలుసుకుంటాను."

టైలర్ దారి పొడుగునా ఈ గొడవకి మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఆవిడ బుకాయిస్తుందనుకున్నాడు. నాలుగు అంటుందనుకున్నాడు, పది అనడానికి సిద్ధమై వచ్చాడు. ఎదుటి మనిషి తెలీదని ఒప్పేసుకుంటే ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. అది పదేళ్ల పిల్లల కోసం చేసిన బెంచీ కాబట్టి మోకాళ్లు గడ్డానికి తగిలాయి. అలా కూర్చుని కోపం నిలబెట్టుకోవడం ఎంతటివాడికైనా కష్టమే.

స్కేలు మూడో బెంచీలో ఉంది. తండ్రి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. బెంచీ అంచుకి సమానంగా పెన్సిలు పెడుతోంది, తీస్తోంది, మళ్లీ పెడుతోంది.

"అమ్మా స్కేలూ, ఆ రోజు లెక్కల పేపర్లో నువ్వు రాసినవి గుర్తున్నాయా?" అనడిగింది టీచర్.

"అన్నీ గుర్తున్నాయి టీచర్."

"ఇష్టమైతేనే రా. వచ్చి, మార్కులు పోయిన లెక్కలు బోర్డు మీద వెయ్యి. రాసింది రాసినట్టు వెయ్యి. ఎవరూ నవ్వరు. నవ్వితే ఏమవుతుందో వీళ్లకి తెలుసు."

తరగతిలో అందరి కళ్లూ డస్టర్ మీదికి వెళ్లొచ్చాయి. స్కేలు లేచి వచ్చింది. బోర్డు పక్కన వేలాడే పెద్ద చెక్క స్కేలు తీసుకుని, ముందు బోర్డు మధ్యలో ఒక నిలువు గీత గీసింది. గీత ఎడం పక్కన మొదటి లెక్క రాసింది. సగానికి మూడో వంతు కలిపితే ఎంత? సమానం గుర్తు స్కేలు పెట్టి గీసి, జవాబు వేసింది. ఐదింట రెండు.

"టీచర్! అది నాది!"

అరిచినవాడు బొంగరం. వాడు కూర్చుని ఉండగా చూసినవాళ్లు తక్కువ.

"ఏది నీది?"

"ఆ తప్పు టీచర్! పైదానికి పైది కలిపేశాను, కిందదానికి కిందది కలిపేశాను. అక్కడ నా చీటీ ఉంది చూడండి, పచ్చ రంగుది!"

వాడి గొంతులో దొంగని పట్టుకున్న కోపం లేదు. తప్పిపోయిన మేకపిల్ల దొరికినంత సంబరం ఉంది. తరగతి మొత్తం వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది. నిజమే, పచ్చ చీటీ ఉంది. ఆ శుక్రవారం వీళ్లంతా కాగితాలు పొడుగ్గా కత్తిరించి, ఒకదాన్ని సగానికీ, ఒకదాన్ని మూడు మడతలుగానూ మడిచి, ముక్కలు పక్కపక్కన పెట్టి కొలిచిన సంగతి అందరికీ గుర్తొచ్చింది.

"అప్పుడు మన కాగితాలు ఏం చెప్పాయి?" అంది టీచర్, అలవాటు కొద్దీ.

"సగానికి ఇంకాస్త కలిపితే సగం కంటే తగ్గిపోయింది టీచర్!" అని అందరూ ఒక్కసారిగా అన్నారు. "అలా ఎలా తగ్గుతుందీ అని బొంగరమే అడిగాడు!"

బొంగరం నలుదిక్కులా చూసి ఛాతీ విరుచుకున్నాడు. ఆఖరి బెంచీలో టైలర్, తన ముందు పడున్న కాగితం ముక్కని సగానికి మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

స్కేలు రెండో లెక్క వేసింది. ఎనిమిది వందల పదహార్ని ఎనిమిదితో భాగిస్తే పన్నెండు.

ఈసారి కబుర్లపుట్ట లేచింది. "అయ్యో, అది నాది టీచర్. మధ్యలో సున్నాని మింగేశాను. అది నూట రెండు రావాలి. మాట్లాడుతూ భాగించాను కదా, నోట్లోకి పోయింది."

ఎవరూ నవ్వలేదు కానీ, నవ్వు ఆపుకోవడానికి కొందరు బెంచీ కిందకి వంగాల్సి వచ్చింది.

మూడోది తోట లెక్క. తోట పొడవు ఆరు మీటర్లు, వెడల్పు నాలుగు, విస్తీర్ణం ఎంత? స్కేలు ఇరవై అని రాసింది. కిటికీ పక్కనుంచి ఒక బక్కపలచని పిల్లాడు నెమ్మదిగా లేచి, గొంతు సవరించుకున్నాడు. కళ్లజోడు, ఆ తీరు, ఆ నిదానం చూసి వాడికి తాతయ్య అని పేరు పెట్టారు.

"అది మనదే టీచర్. తోట చుట్టూ కంచె కొలిచి, తోట కొలిచాననుకున్నాను. వయసులో జరిగిపోతుంటాయి."

నాలుగోది గడియారం లెక్క. పదీ ముప్పావుకి బయలుదేరిన బస్సు పన్నెండుంపావుకి చేరితే ప్రయాణం ఎంతసేపు? గంటా డెబ్బై నిమిషాలు అని రాసింది స్కేలు.

"అదీ నాదే!" బొంగరం ఈసారి బెంచీ ఎక్కేశాడు. "గంటకి వంద నిమిషాలు వేసుకున్నాను! రెండు నావే టీచర్!"

స్కేలు చాక్‌పీసు కింద పెట్టింది. "ఇంకా రెండున్నాయి టీచర్. అవి కూడా వాళ్లవే" అంది, బోర్డు వైపే తిరిగి.

వెనక బెంచీలోంచి టైలర్ లేవబోయాడు. మోకాళ్లు బెంచీకి కొట్టుకున్నాయి.

"చూశారా! నేనన్నదే నిజమైంది. ఏడాది నుంచి ఈ చెత్తంతా చూసి చూసి నా బిడ్డ బుర్రలోకి ఎక్కేసింది. మీ గోడే మింగేసింది దీన్ని!"

టీచర్‌కి భయం వేసింది. అతను అన్నది నిజం కావచ్చు. మంచి అనుకుని తనే పిల్లకి మాయరోగం అంటించి ఉండొచ్చు. ఎదురుగా నాలుగు లెక్కలు, నాలుగు తప్పులు, ఒక్కదానిలోనూ గీత వంకర లేదు. చెయ్యి వణికినట్టు లేదు, కొట్టివేతలు లేవు. ఇన్నేళ్లుగా పిల్లల తప్పులు చూస్తున్న మనిషి ఆవిడ. తప్పు చేసేటప్పుడు పిల్లలు తడబడతారు, చెరుపుతారు, పక్కవాడి మొహం చూస్తారు. ఇలా ముత్యాల్లాంటి తప్పులు ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"స్కేలూ, గీతకి ఇటుపక్క కరెక్టు జవాబులు రాయి" అంది.

చాక్‌పీసు టకటకా నడిచింది. ఆరింట ఐదు. నూట రెండు. ఇరవై నాలుగు చదరపు మీటర్లు. గంటన్నర. ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.

బొంగరం కూడా బెంచీ దిగి కూర్చున్నాడు. ఆఖరికి తాతయ్య నోరు విప్పాడు.

"అంటే కావాలనే రాసిందన్నమాట."

*

పెద్దవాళ్ల విషయం వచ్చేసరికి పిల్లల్ని బయటికి పంపాలి. ఎలా పంపాలన్నదే తిప్పలు. పొమ్మంటే పోరు, కిటికీల దగ్గర చేరతారు. టీచర్‌కి ఆ విద్య తెలుసు.

"టైలర్‌గారూ, మీ టేపు ఓసారి ఇస్తారా? మా వాళ్లు వరండా కొలవాలి."

అతను ఇచ్చాడో, బొంగరమే అతని మెడలోంచి లాక్కున్నాడో చెప్పడం కష్టం. తరగతి మొత్తం ఆ టేపు వెనక పరుగెత్తింది. వరండా అటు చివర్నుంచి "ఒరేయ్, వదులుగా పట్టుకోకు!" అన్న అరుపులు మొదలయ్యాయి. టేపు లేని మెడని టైలర్ రెండుసార్లు తడుముకున్నాడు. గదిలో ముగ్గురు మిగిలారు.

టీచర్ స్కేలుని బోర్డు దగ్గర్నుంచి తీసుకొచ్చి దాని బెంచీలో కూర్చోబెట్టి, కుర్చీ వదిలేసి తనూ పక్కనే కూర్చుంది.

"ఎందుకు రాశావని తర్వాత అడుగుతాను. ముందు ఇది చెప్పు. తప్పులు రాయాలనే అనుకున్నావు, సరే. నీ తప్పులు నువ్వే చేసుకోవచ్చుగా? వాళ్లవి ఎందుకు అరువు తెచ్చుకున్నావు?"

స్కేలు పెన్సిలు చేతిలోకి తీసుకుంది.

"నాకు తప్పులు రావు టీచర్. ట్రై చేశాను. తప్పు రాద్దామని పెన్సిలు పెడితే చెయ్యి కరెక్టుదే రాసేస్తోంది. ఏదో ఒక పిచ్చి అంకె వేసేద్దామనుకున్నాను. వేస్తే కావాలనే వేశానని తెలిసిపోతుంది కదా. వాళ్లవైతే నిజం తప్పులు."

ఈ మాటకి నవ్వాలో ఏడవాలో టీచర్‌కి తెలియలేదు. రెండూ వచ్చాయి. గోడ ఏ పాపం ఎరగదని తేలినందుకు ముందు ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. పిల్ల ఇంత బరువు మోస్తుంటే తన గోడ గురించి ఊపిరి పీల్చుకున్నందుకు వెంటనే సిగ్గు కూడా వేసింది.

టైలర్ వచ్చి కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. అరుపు పోయింది, గొంతు మామూలు స్థాయికి దిగింది.

"ఎవరు రాయమన్నారమ్మడూ? ఎవరన్నా బెదిరించారా? నాన్నతో చెప్పు."

స్కేలు మళ్లీ బెంచీ అంచుకి పెన్సిలు సమానంగా పెట్టింది.

"చెప్పమ్మా. నేనేమీ అననుగా."

"దాన్ని అడక్కండి. నేను చెప్పాను."

గుమ్మంలో పిల్ల తల్లి నిలబడి ఉంది. రేపటి పరీక్షకి తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలని పెద్ద మేడం కబురు పంపితే, షాపులో కుడుతున్న పని కుడుతున్నట్టే వదిలేసి వచ్చింది. రవికె మీద ఇంకా రెండు దారపుపోగులు అంటుకుని ఉన్నాయి. ఆవిడ ఎప్పటినుంచి అక్కడుందో ఎవరూ చూడలేదు.

"ఏం చెప్పావు?" అన్నాడు టైలర్. అర్థం కాక అడిగాడు, కోపంతో కాదు.

"ఓ నాలుగైదు తప్పులు రాసెయ్యవే తల్లీ అని చెప్పాను. పరీక్షకి పోయే ముందు జడ వేస్తూ చెప్పాను. అది సరే అంది."

"నీకేమన్నా మతిపోయిందా? ఊళ్లో ఎవరికి చెప్పలేదు నేను? కొలతలకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను, మా అమ్మాయి హాస్టల్ బడికి పోతోందని. ఆ బడి యూనిఫాం గుడ్డ తెచ్చి, ఎదిగే పిల్ల కదా అని కిందన మడత ఎక్కువ వదిలి మరీ కత్తిరించాను!"

"తెలుసు. దానికి గుండీలు కుట్టింది నేనే. ఒక్కో గుండీ కుడుతూ ఏడ్చాను. మిషన్ చప్పుట్లో మీకు వినబడలేదు."

టైలర్ గొంతుక్కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడ్డాడు.

"పండగలూ పబ్బాలూ ఎరగను, సినిమాలు ఎరగను" అంది ఆవిడ టీచర్ వైపు తిరిగి. ఆవిడకి ఈ మాటలు ఎవరో ఒకరితో అనాలి, మొగుడితో అనడం అలవాటు లేదు. "పొద్దస్తమానం మిషన్ తొక్కడం, ఇది బడి నుంచి రావడం, ఆ రోజు జరిగినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పడం. అంతే టీచర్‌గారూ నాకున్నది. రాత్రిపూట దాని కాలు నా మీద పడకపోతే నాకు నిద్ర పట్టదు. దాన్ని ఎక్కడో, ఎవరో వార్డెను చేతిలో పెట్టి రమ్మంటే ఎలాగండీ? ఈయనతో అందామంటే, ఈయన ఒకటి అనుకున్నాక ఇంకొకరి మాట ఎప్పుడన్నా విన్నారా? వాదించి గెలవలేక దానితో రాయించాను. తప్పే. తెలిసే చేశాను."

"ఒక్కసారి చెప్పి చూడాల్సింది" అన్నాడు టైలర్.

"చెప్పాను. గుడ్డ కొలుస్తూ ఊఁ అన్నారు."

అతను మళ్లీ మెడ తడుముకున్నాడు. టేపు వరండాలో ఉంది. అక్కడ తాతయ్య ఎవరికో నిదానంగా, వరండా పొడవు వేరు, దాని విస్తీర్ణం వేరు, ఈ రెంటినీ కలిపేసి తను చాలా బాధపడ్డానని చెబుతున్నాడు.

టీచర్ ఇద్దర్నీ చూసింది. తండ్రి కూతురికి సీటు కావాలన్నాడు. తల్లి కూతురు తన దగ్గరే ఉండాలంది. తను తన గోడ నిలబడాలంది. ముగ్గురూ ఈ పిల్ల గురించే కొట్టుకుంటున్నారు. పిల్ల మాత్రం బెంచీ మీద, వీళ్లందరి మధ్యా, మాట రాని వస్తువులా కూర్చుని ఉంది.

"స్కేలూ" అంది టీచర్. "నాన్న కోసం కాదు, అమ్మ కోసం కాదు. నీ సంగతి చెప్పు. ఆ బడికి వెళ్లాలని నీకుందా?"

స్కేలు తల్లి వైపు చూసింది. చాలాసేపు చూసింది. అబద్ధం చెప్పడం కూడా దానికి చేతకాదు. తప్పులే చేతకానిదానికి అబద్ధాలెలా వస్తాయి?

"ఉంది."

తల్లి గుమ్మం పట్టుకుంది.

"ఉందా? ఉంటే మరి జడ వేస్తున్నప్పుడు నాతో అనలేదేమే?"

"నువ్వు అడగలేదుగా అమ్మా. రాసెయ్యమన్నావు. రాశాను." దాని కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం చెదరలేదు. "అక్కడ లెక్కలకి వేరే గది ఉంటుందట. చెక్కతో చేసిన ఆకారాలన్నీ ఉంటాయట. నాకు చూడాలనుంది. నువ్వు ఏడుస్తావని కూడా తెలుసు. రెండూ అయ్యే లెక్క నాకు రాలేదు."

ఆ తల్లి వచ్చి పిల్ల పక్కన కూలబడింది. దాని తల తన భుజానికి ఆనించుకుంది. జడ పాయలు సరిచేసింది, అవి సరిగానే ఉన్నా సరే. టైలర్ మొహం పక్కకి తిప్పుకుని, వెనక గోడ మీద చీటీలు చదువుతున్నట్టు నటించాడు. వాటిలో ఏదీ అతనికి కనబడుతున్నట్టు లేదు.

సరిగ్గా ఆ సమయానికి పెద్ద మేడం వచ్చింది. చేతిలో ఫోన్, దాని మీద ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"హాస్టల్ బడివాళ్లు లైన్లో ఉన్నారు" అంది గొంతు తగ్గించి. "కారణం అడుగుతున్నారు. ఏం దొరికింది? అసలు తల్లిదండ్రులు పంపుతారా లేదా, అది ముందు చెప్పండి. వాళ్లకి ఇంకా చాలామంది ఉన్నారు."

"వద్దులెండి మేడం" అన్నాడు టైలర్, గోడ వైపు నుంచి తిరక్కుండానే. "దీని తల్లి ఉండలేదు."

"పంపిస్తాం మేడం" అంది తల్లి, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదకొండేళ్ల కాపురంలో వాళ్లు ఒకరి మాట ఒకరు విన్నది బహుశా అదే మొదలు. వినడం ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టేసరికి పని మళ్లీ మొదటికొచ్చింది.

"వద్దంటున్నాగా, నీ కోసమే."

"నా కోసమైతే పంపించండి. అదేమందో వినలేదా?"

"నువ్వు మళ్లీ ఏడిస్తే?"

"ఏడుస్తాను. ఏడిస్తే మీకేం పోయింది, ఇన్నాళ్లూ విన్నారా?"

"ఒరే బాబూ, ఇంతకీ ఫోన్లో ఏమని చెప్పను?" అంది పెద్ద మేడం. ఆవిడ వేళ్ల సందుల్లోంచి అవతలి గొంతు సన్నగా "హలో, హలో" అంటోంది. "టీచరమ్మా, నువ్వన్నా చెప్పు. జ్వరమేగా?"

టీచర్ నోరు తెరిచింది. జ్వరమంటే పిల్ల ఎదురుగా అబద్ధమవుతుంది. నిజం చెబితే, కావాలని తప్పులు రాసిన పిల్లని ఏ బడివాళ్లు మళ్లీ కూర్చోబెడతారు? అటు తండ్రి వద్దంటున్నాడు, తల్లి కావాలంటోంది. నలుగురు పెద్దవాళ్లు ఒకరి మీద ఒకరు మాట్లాడుతున్నారు. ఒక్క నిమిషం కిందట పెదవి విప్పిన పిల్ల వైపు మళ్లీ ఎవరూ చూడటం లేదు.

స్కేలు తల్లి చేతి కిందనుంచి నెమ్మదిగా లేచింది. గౌను సర్దుకుంది. పెద్ద మేడం ముందుకెళ్లి చెయ్యి చాపింది.

"ఫోన్ నాకివ్వండి మేడం. తప్పులు రాసింది నేను. నేనే చెబుతాను."